అబ్బీ నాటకశాలయు జాతివ్యక్తివివాదమును

పదమునకు జాతి యర్థమా, వ్యక్తి యర్థమా యను వివాదము మన వ్యాకరణశాస్త్రమున మిక్కిలి ప్రాచీనమైనది. ఆకృతియే పదార్థమని వాజప్యాయనుఁడును, ద్రవ్యమే పదార్థమని వ్యాడియుఁ జెప్పిరి. పాణిని యీ రెండింటిలో దేనిని విడువలేదని భాష్యకారుఁడు నిర్ణయించెను. ఇది శుష్కచర్చ యనియు, లోకవ్యవహారమున దీనితోఁ బని లేదనియు విద్యార్థులు తలఁచుట కలదు. అట్లు తలఁచువారికి ఐర్లండు దేశపు నాటకచరిత్రము మంచి ప్రత్యుదాహరణము. 1907 వ సంవత్సరము జనవరి 26 వ తేదీ శనివారము రాత్రి డబ్లిన్ నగరమందలి అబ్బీ నాటకశాలలోఁ బుట్టి వారముదినములు సాగిన కొట్లాటకు ఆ కాలమువారు నీతి యనియు దేశభక్తి యనియుఁ బేళ్లు పెట్టిరి. నిజమునకది జాతివ్యక్తివివాదమే. రంగమున నిలిచిన పాత్రము ఒక మనుష్యునిఁ జెప్పునా, ఆ మనుష్యుఁడు పుట్టిన ప్రజ నంతటినిఁ జెప్పునా? తెలుఁగున జాతిశబ్దమునకు శాస్త్రమందలి సామాన్యమను నర్థముతోఁ బాటు ఒక దేశపు ప్రజ యను నర్థమును నేఁడు స్థిరపడినది. ఈ వ్యాసమున నా రెండును గలిసియే వచ్చును. వానిని విడఁదీయుట నా యుద్దేశము కాదు.

ఈ ప్రశ్నయొక్క బరువు తెలియుటకు ఆ దేశస్థితిని గొంత యెఱుఁగవలెను. 1845 మొదలు నాలుగైదేండ్లు బంగాళాదుంపపైరు తెగులుపాలై వచ్చిన మహాక్షామమున నించుమించు పదిలక్షలమంది చనిపోయిరి. మఱి పదిలక్షలమంది యోడలెక్కి దేశము విడిచిరి. చనినవారిలోఁ బెక్కుమంది ఐరిషు భాష మాటలాడు పశ్చిమసీమల బీదలు. వారితోడనే భాషయు సన్నగిల్లెను. అట్లుండ లండను రంగస్థలముపై ఐరిషువాఁ డనఁగా నియతలక్షణములు గల యొక పాత్రము: త్రాగుఁబోతు, వదరుఁబోతు, కలహప్రియుఁడు. మన విదూషకుఁడు నట్టివాఁడే కదా యని కొంద ఱనవచ్చును. విదూషకుఁడు బ్రాహ్మణుఁడు, తిండిపోతు, ప్రాకృతము మాటలాడువాఁడు. ఐనను దమ కులమునకు మచ్చ వచ్చినదని యే బ్రాహ్మణసభయు నే నాటకమును నిలిపినట్లు వినము. కారణము స్పష్టము. బ్రాహ్మణుని గౌరవమును గూర్చి యా ప్రేక్షకులకు సందేహము లేదు. తన గౌరవము సందేహములో నున్న ప్రజ మాత్రము ఏకవచనమును బహువచనముగా వినును.

1897 లో పశ్చిమమున గాల్వే సీమయందు యేట్సుకవియు, గ్రెగరీ దొరసానియు, ఎడ్వర్డ్ మార్టిన్ అను భూస్వామియుఁ గూడుకొని ఐరిషు నాటకములకై యొక సమాజము నేర్పఱుప నిశ్చయించిరి. ఐర్లండు హాస్యగాండ్ర పుట్టినిల్లు కాదనియు, నుదాత్తభావములకు నిలయమనియు లోకమునకుఁ జూపుటయే తమ ప్రయోజనమని ప్రకటించిరి. ఇందుఁ జిక్కు ఆదియందే కలదు. “మే మట్టివారము కాము” అని చెప్పుటకుఁ బుట్టిన నాటకము “మే మిట్టివారము” అని చెప్పక తప్పదు. అనఁగా జాతిలక్షణము చెప్పెదమని వీరు మాట యిచ్చిరి. మాట యిచ్చినవారిని బ్రేక్షకులు పదేండ్ల తరువాత నిలఁదీసిరి. 1899 మే నెలలో యేట్సు వ్రాసిన “ది కౌంటెస్ కాత్‌లీన్” అను నాటకమున నొక ప్రభ్వి కఱవులోఁ దన ప్రజలను గాపాడుటకై తన యాత్మను బిశాచముల కమ్మును. ఐరిషువారు ఆత్మల నమ్ముకొందురా యని యప్పుడే గొడవ పుట్టెను. విశ్వవిద్యాలయ విద్యార్థులు వ్రాసిన నిరసనపత్రముపై సంతకము చేయ నిరాకరించినవారిలో జేమ్స్ జాయిస్ అను యువకుఁ డొకఁడు.

జాతియే పాత్రమై రంగమునకు వచ్చిన నాటకము 1902 ఏప్రిలు 2 వ తేదీని బ్రదర్శింపఁబడిన “కాత్‌లీన్ ని హూలిహాన్”. ఇది యేట్సు పేర వెలువడినను ఇందలి సంభాషణలోఁ జాల భాగము గ్రెగరీ దొరసాని వ్రాఁతయని వ్రాఁతప్రతులను బరిశోధించినవారు నిరూపించిరి. 1798 లో ఫ్రెంచిసేన కిల్లాలా తీరమున దిగిన వేళ, ఒక కాఁపుటింట మైకేల్ అను యువకునికి మఱునాఁడు పెండ్లి. ఒక వృద్ధ వచ్చి తన నాలుగు పొలములను బరులు హరించిరని చెప్పుకొనును. ఆ పొలములు ఐర్లండుయొక్క నాలుగు మండలములు; ఆ వృద్ధ ఐర్లండు. మైకేల్ పెండ్లికూఁతును విడిచి యుద్ధమునకుఁ బోవును. అవ్వ యౌవనవతి యగును. మోడ్ గాన్ ఆ వృద్ధవేషము ధరింపఁగా జనులు పరవశులైరి. యేట్సు తన చివరి దినములలోఁ గూడ, తన నాటకము కొందఱను మరణమునకుఁ బంపెనా యని యొక పద్యమునఁ దన్నుఁ దాను బ్రశ్నించుకొనెను.

ఐనను నాటకదృష్టితోఁ జూచినచో నా వృద్ధ పాత్రము కాదు, సంజ్ఞ. ఆమెకు సంశయము లేదు, నష్టము లేదు. జాతికి రోమాంచము లేదు, కన్నీరు లేదు. రసము పుట్టుచోటు వేఱు. కట్నపు సొమ్ము లెక్కపెట్టుకొను తండ్రియు, క్రొత్తబట్టలు చూచి మురియు తల్లియు, పెండ్లికొడుకును గౌఁగిలించుకొని యేడ్చు డీలియా యను కన్యయు నిచ్చట వ్యక్తులు. తెఱ పడునప్పటి కా డీలియాకు మాట లేదు. ఈ మాట లేమిని జదువరులు జ్ఞాపక ముంచుకొనవలెను.

ఆ తొలి నాటకసమాజమున కొన్ని రూపకములు వ్రాసినవాఁడు జేమ్స్ కజిన్స్. ఆయన నాటకములు “ది స్లీప్ ఆఫ్ ది కింగ్”, “ది రేసింగ్ లగ్” అనునవి 1902 లోనే యాడఁబడినవి. యేట్సున కీయన రచన రుచింపలేదు. 1915 లో నీయన భార్యతో మదరాసునకు వచ్చి, పిదప మదనపల్లెలోని దివ్యజ్ఞానకళాశాలలో నాచార్యుఁడై, యధ్యక్షుఁడు నయ్యెను. 1919 లో రవీంద్రుఁ డచ్చట నాయన యతిథిగా నుండి “జనగణమన” గీతమును బాడి వినిపించెను. దానికి స్వరలిపి కూర్చుటలో మార్గరెట్ కజిన్స్ సాయపడెను. డబ్లినులో నొక జాతికి నాటకము కూర్పఁబోయి తృప్తి పడయనివాఁడు మఱియొక జాతి గీతమునకు మన రాయలసీమలోఁ దొలి శ్రోతలలో నొకఁ డగుట చిత్రము. 1956 లో మదనపల్లెలోనే యాయన దేహము చాలించెను.

1904 డిశంబరు 27 వ తేదీని అబ్బీ నాటకశాల తెఱవఁబడెను. ఆ జాతీయరంగమునకు ధన మిచ్చినది హార్నిమన్ అను ఇంగ్లీషు వనిత. నిర్వాహకులైన యేట్సు, గ్రెగరీ, సింగ్ మువ్వురును బ్రొటెస్టంటులు. చూపఱులలో హెచ్చు పాలు కాథలిక్కులు. “మీరా మమ్ముఁ జెప్పువారు?” అను ప్రశ్న యా కట్టడపు గోడలలోనే యుండెను.

ఇఁక సింగ్. పేరు మన ఉత్తరాదివారి పేరువలె వినఁబడినను జాన్ మిల్లింగ్టన్ సింగ్ డబ్లిను ప్రాంతమున 1871 లోఁ బుట్టిన ఐరిషువాఁడే. ట్రినిటీ కళాశాలలో హీబ్రూను ఐరిషును జదివి బహుమానములు పొందినవాఁడు. ప్యారిసులో కెల్టిక్ భాషాశాస్త్రోపన్యాసములు విన్నవాఁడు. 1898 లో అరాన్ ద్వీపములకుఁ బోయి, పిమ్మట పలుమాఱు లచ్చట జాలరుల యిండ్ల వసించి వారి భాషను విన్నవాఁడు. ఆయన నాటకముల భాష ఇంగ్లీషే, కాని యా యింగ్లీషుయొక్క వాక్యనిర్మాణము ఐరిషు. ఈ విషయము వైయాకరణులకు మిక్కిలి యింపైనది. ఇంగ్లీషున “కలిగియుండు” అను నర్థమున నొక ధాతువు కలదు, ఐరిషున లేదు. “పుస్తకము నా యొద్ద నున్నది” యనుటయే ఆ భాష మర్యాద, తెలుఁగు మర్యాదయు నదియే. ఇంగ్లీషున ఔను, కాదు అని చెప్పుటకుఁ బదము లున్నవి. ఐరిషున “వచ్చితివా?” యన్నచో “వచ్చితిని” అని క్రియనే మరలఁ జెప్పుదురు, మన పెద్దలును అట్లే చెప్పుదురు. ఇప్పుడే ముగిసిన క్రియను దెలుపుటకు “దానిఁ జేసిన పిమ్మట నున్నాను” అను తీరు వాక్యము ఐరిషునుండి పల్లెల ఇంగ్లీషులోనికి దిగినది. ప్రధానమైన పదమును ముందుకుఁ దెచ్చి “అదియే కదా” యని తక్కిన వాక్యమును దాని వెనుకఁ గట్టుటయు నట్టిదే. సింగ్ వీనిని గైకొని లయగల యొక భాషను గూర్చెను. పల్లెలలో నెవ్వరు నట్లు మాటలాడరని యాక్షేపించినవారు కలరు. శౌరసేని యట్లే శూరసేనదేశపు వీథులలో వినఁబడెనా? సింగ్ భాషయుఁ బ్రాకృతమే; లోకప్రాకృతము గాదు, నాటకప్రాకృతము.

భేద మొకటి కలదు. భరతుఁడు సప్తభాషలను బాత్రోచితముగా విభజించెను. రాజునకు సంస్కృతము, నాయికకు శౌరసేని. శాకుంతలమున జాలరి మాగధిని మాటలాడి, నవ్వించి, బహుమానము పుచ్చుకొని పోవును. సింగ్ వ్రాసిన “రైడర్స్ టు ది సీ” యనునది 1904 లో నాడఁబడిన యేకాంకము. అందును జాలరులే. మౌర్యా యను ముదుసలి మామను, భర్తను, ఆర్గురు కొడుకులను గడలికి అప్పగించి, ఇఁకఁ దనయొద్ద సముద్రము తీసికొనఁదగిన దేమియు లేదని శాంతినందును. ఇచ్చట సంస్కృతము మాటలాడువాఁ డొక్కఁడును లేఁడు. ప్రాకృతమే కరుణమునకుఁ బరమావధి. విజయనగరమున 1892 లో నాడఁబడిన కన్యాశుల్కమును మెచ్చుటకు సంశయించిన మా తరము గురువులు ఈ ఘట్టమును జదివియుండినచో నేమనెడివారో! వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు నాటకమునఁ బాత్రోచితభాషను మెచ్చుటలో నాకు విరోధము తోఁపదు. అది భరతుఁ డిచ్చిన యనుమతి.

“ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్” కథ యిది. మేయో తీరపుఁ బల్లెలో నొక సారాయంగడికి క్రిస్టీ మహాన్ అను పిఱికి యువకుఁడు వచ్చి, నేల త్రవ్వు పాఱతోఁ గొట్టి తండ్రిని జంపి పరువెత్తి వచ్చితి నని చెప్పును. ఊరివారు అసహ్యింపరు సరికదా, వీరుఁడని కొనియాడుదురు. కన్యలు కానుకలు తెత్తురు. అంగడివాని కూఁతురు పెగీన్ వలచును. పొగడ్తచేఁ బిఱికివాఁడు నిజముగనే ధీరుఁ డగును. అంతలోఁ దలకుఁ గట్టుతోఁ దండ్రి వచ్చును! క్రిస్టీ యందఱు చూచుచుండఁగా మరలఁ గొట్టును. కథగా విని మెచ్చినవారే కార్యముగాఁ జూచి వానిని ద్రాళ్లతోఁ గట్టుదురు; పెగీన్ కాలుచున్న పీటునిప్పుతో వాని కాలు వాతలు పెట్టును. తండ్రి మరల లేచి వచ్చును; తండ్రికొడుకులు కలిసి పోవుదురు; పెగీన్ తాను పోఁగొట్టుకొన్నదానికై విలపించును.

తొలిరాత్రి యేట్సు స్కాట్లండున నుపన్యసించుచుండెను. నడుమ నాటకము చక్కఁగా సాగుచున్నదని గ్రెగరీ దొరసాని తంతి పంపెను. మూఁడవ యంకము తరువాత రెండవ తంతి పోయెను. స్త్రీలు లోపలఁ దొడుగు నంగీ పేరు వినఁబడఁగనే సభ చెదరినదని యందలి వార్త. లోయంగీలతో నిలిచిన కన్యలగుంపు నెదుటఁ బెట్టినను తనకుఁ బెగీనే కావలెనని క్రిస్టీ చెప్పు సందర్భమది. మన యాలంకారికులు అశ్లీలమును వ్రీడ, జుగుప్స, అమంగళము అని మూఁడు విధములుగాఁ జెప్పిరి. ఇది వ్రీడాశ్లీలమని సభ తీర్పు. దోషము శబ్దమందా, అర్థమందా యని తెలియుటకు మనకొక పరీక్ష కలదు: పర్యాయపదము నుంచి చూడవలెను, దోషము పోయినచో నది శబ్దగతము. సింగ్ పత్రికలవారికిఁ జెప్పిన సమాధానము సరిగా నీ పరీక్షయే. డగ్లస్ హైడ్ ప్రకటించిన కొనాట్ ప్రేమగీతములలో నా పదము ఐరిషున నున్నది, ఎవ్వరు నాక్షేపింపలేదు, ఐరిషున నచ్చు వేయఁదగినది ఇంగ్లీషున నచ్చు వేయఁదగకుండెనేమో యని యాయన యెత్తిపొడిచెను. అర్థము మాఱలేదు, భాషయే మాఱినది, సిగ్గు పుట్టినది. కాఁగా ఐరిషుతనము కొఱకుఁ గేకలు వేసిన సభకుఁ గలిగిన సిగ్గు ఇంగ్లీషు సిగ్గు. నా యెఱిఁగినంతవఱకు నా కలహమున దీనికంటె లోఁతైన విషయము లేదు.

మఱియొక విశేషము చెప్పుదురు. క్రిస్టీ వేషము ధరించిన ఫే యను నటుఁ డా రాత్రి తడఁబడి, కన్యలగుంపు అనుటకు బదులు మేయో సీమ కన్యలు అనెనఁట. ఇది నిజమైనచో నతఁడు తెలియకయే వివాదమును దేటపఱిచెను. ఊరు పేరు చేరఁగనే గుంపు జాతి యయ్యెను. పాణిని జాతిని జెప్పునపు డేకవచనస్థానమున బహువచనమును వికల్పముగా విధించెను. యవధాన్యము పండినదన్నను, యవధాన్యములు పండిన వన్నను నొక్కటియే. అబ్బీ ప్రేక్షకుల కీ సూత్రము వికల్పము కాదు, నిత్యము. ఒక పెగీన్ ఐరిషు స్త్రీలందఱును. ఒక క్రిస్టీ ఐరిషు పురుషులందఱును. ఐదేండ్లకు ముందు కాత్‌లీన్ జాతియై వచ్చినపు డీ సభయే కరతాళధ్వనులు చేసెను గదా! జాతిపక్షము పొగడ్తయందుఁ దీపి, తెగడ్తయందుఁ జేఁదు. యేట్సు పోలీసులను బిలిపించి నాటకమును వారమంతయు నడపెను. ఫిబ్రవరి 4 వ తేదీని బహిరంగచర్చయుఁ బెట్టెను. కవి స్వాతంత్ర్యమును గూర్చి యాతఁ డన్నది యుక్తమే. ఐనను రాజభటుల నడుమ జాతీయనాటకము నాడించుట పుండుపైఁ గారము చల్లుటయే. జాతిని జూపెదమని పిలిచి, వచ్చినవారిని వ్యక్తిని జూడుఁ డనుటయు వారికి న్యాయముగాఁ దోఁచియుండదు. 1912 లో ఫిలడెల్ఫియాలో నీ నాటకమాడిన నటులను నిర్బంధించిరి కూడ. పరదేశమున గౌరవము మఱింత సందేహములో నుండును.

ప్యాట్రిక్ పియర్స్ 1907 లో సింగ్‌ను నిందించినవారిలోనివాఁడు. 1909 లో సింగ్ ముప్పదియేడేండ్లకే మరణించెను. 1913 నాటికిఁ బియర్స్ మనసు మాఱెను. ఐర్లండును నిజముగాఁ బ్రేమించినవానిని, అతని సంకేతములు తెలియక, మనము హింసించితిమని వ్రాసెను. ఆ యేఁటనే మే 17 వ తేదీని బియర్స్ పాఠశాల సహాయార్థము అబ్బీలో రెండు రూపకము లాడఁబడినవి: పియర్స్ ఐరిషున వ్రాసిన “అన్ రీ”, రవీంద్రుని “డాకఘర్” ఇంగ్లీషు రూపము. గదిలో మంచముపై నుండి రాజుగారి యుత్తరమునకై యెదురుచూచు అమలునియందు బంగాళాప్రజనెల్లఁ జూడవలెనని యెవ్వరును బట్టుపట్టలేదు. పరజాతి పాత్రము సులభముగా వ్యక్తి యగును.

1916 ఏప్రిలు 24 వ తేదీని డబ్లినులోఁ దిరుగుబాటు లేచెను. ఆ వారము అబ్బీలో “కాత్‌లీన్ ని హూలిహాన్” ఆడవలసియుండి యాగిపోయెను. అబ్బీ నటుఁడు షాన్ కొనొలీ తిరుగుబాటుదారులలోఁ దొలుతఁ బడినవారిలో నొకఁడు. మే 3 వ తేదీని బియర్స్‌ను, అబ్బీలో నాటక మాడించిన థామస్ మెక్‌డొనాను గాల్చి చంపిరి. స్వతంత్రప్రభుత్వ మేర్పడిన పిమ్మట 1925 లో అబ్బీకి ఏఁటికి 850 పౌనుల ధన మీయ నిశ్చయించిరి. మఱుసటి యేడే షాన్ ఓకేసీ వ్రాసిన “ది ప్లౌ అండ్ ది స్టార్స్” ఆడఁబడెను. నాలుగవ రాత్రి, ఫిబ్రవరి 11 వ తేదీని, మరలఁ గొట్లాట పుట్టెను.

ఓకేసీ డబ్లిను బీదల లోఁగిళ్లలోఁ బెరిగినవాఁడు, కార్మికసేనకుఁ గార్యదర్శిగా నుండినవాఁడు. రెండవ యంకము సారాయంగడి. లోపల వేశ్యయు, త్రాగుఁబోతులును, వారి చిల్లరతగవులును. కిటికీ వెలుపల నొక వక్తయొక్క నీడ. ఆ నీడ పలుకులు పియర్స్ వ్రాఁతలలోనివి. పేరు మాత్రము చెప్పఁబడదు. వెలుపల వ్యక్తి లేని జాతివాక్కు, లోపల జాతి నెఱుఁగని వ్యక్తులు. దేశపతాకలు సారాయంగడిలోనికి వచ్చుటఁ జూచి, పది సంవత్సరములకు ముందు భర్తలను బుత్రులను గోలుపోయినవారు కోపించుటలో వింత లేదు. నిరసన కధ్యక్షురాలైన హానా షీహీ స్కెఫింగ్టన్ భర్తయు 1916 లోనే కాల్చి చంపఁబడినవాఁడు. ఆమెను బామరురాలనుట తగదు. యేట్సు మరల రంగమునకు వచ్చి, మీరు మరల నపకీర్తిపాలైతిరని సభను గద్దించెను.

నాకుఁ దోఁచునది మఱొకటి. ఈ నాటకమున నోరా యను క్రొత్తకోడలు భర్త సేనకుఁ బోకుండ నతనికి వచ్చిన యుత్తరమును గాల్చివేయును; అతఁడు తెలిసికొని పోవును; ఆమె వీథులవెంట వెదకికొనుచుఁ బరువెత్తును; బిడ్డను గోలుపోయి మతిచెడును. ఈమె యెవరు? 1902 లో మాట లేక నిలిచిన డీలియాయే. ఇరువదినాలుగేండ్లకు ఆమెకు నోరు వచ్చినది. ఓకేసీ కాత్‌లీన్‌ను ఖండింపలేదు, ఆ కథలోఁ జెప్పకుండ మిగిలినదానిఁ జెప్పెను. పియర్స్ వాక్యములు గంభీరములే. కాని యంకము తరువాత జ్ఞాపకమున నిలుచునది నోరా కేక.

1928 లో గేట్ నాటకశాలను స్థాపించినవారిలో మిహాల్ మక్లీమోర్ అను మహానటుఁ డొకఁడు. ఐరిషున వ్రాయును, మాటలాడును. గాల్వేలో ఐరిషు నాటకశాలను దన నాటకముతోనే ప్రారంభించెను. ఈయన లండనులో ఆల్ఫ్రెడ్ విల్‌మోర్ అను పేరఁ బుట్టిన ఇంగ్లీషువాఁడని 1978 లోఁ జనిపోయిన తరువాతనే లోకమునకుఁ దేటపడెను. జాతిని వేషముగా ధరించి జీవితాంతము విప్పనివానిని గపటి యనుటకు నాకు మనసు రాదు.

చివరకు జాతివివాదము పాత్రమును విడిచి పేరులోఁ జొచ్చిన నాటకము బ్రయన్ ఫ్రీల్ వ్రాసిన “ట్రాన్స్‌లేషన్స్”. 1833 లో డానిగాల్ సీమలో బాలె బెగ్ అను పల్లె. అచ్చట మన వీథిబడి వంటి కంచెబడి. చినిఁగినబట్టల విద్యార్థులు లాటినును గ్రీకును వల్లించుచుందురు. ఇంగ్లీషుసేన దేశపటము గీయుటకు వచ్చి ఊళ్ల పేళ్లను ఇంగ్లీషు చేయును. రంగమున నందఱు మాటలాడునది ఇంగ్లీషే; కాని పల్లెవారి ఇంగ్లీషు ఐరిషని మనము గ్రహించుకొనవలెను, సైనికుల ఇంగ్లీషు ఇంగ్లీషే. ఒకరి మాట యొకరికిఁ దెలియదు. సభకు మాత్రము రెండును దెలియును. మన నాటకములలో జనాంతిక మను సంకేతము కలదు: ప్రక్క నున్నవాఁడు వినలేదని యొడంబడుదుము. ఇచ్చట వినినవాఁడు తెలిసికొనలేదని యొడంబడవలెను. ఒక భాషయే రెండు భాష లగుట నేను మఱే నాటకమునఁ జూడలేదు. సైనికుఁడు యోలాండును, పల్లెపడుచు మైరేయును, భాష తెలియక, ఊళ్ల పేళ్లనే యొకరికొకరు చెప్పుకొనుచు వలపు తెలుపుకొందురు; పేరు అర్థమును విడిచి నాదమై నిలుచును. తరువాత యోలాండు కానరాఁడు. సేనాధిపతి కూల్చఁదలఁచిన యూళ్ల పట్టికను గ్రొత్తపేళ్లతోఁ జదువఁగా, ఆ పేళ్లు పెట్టుటలోఁ దోడుపడిన ఓవెన్ అను పల్లె యువకుఁడే యొక్కొక్కదానిఁ బాతపేరునకుఁ దిరుగఁ దర్జుమా చేయవలసివచ్చును.

ఆ సర్వేలోఁ బేళ్లను బరిశోధించినవాఁడు జాన్ ఓడోనొవాన్ అను గొప్ప ఐరిషు పండితుఁడే యనియు, సర్వేసైనికు లట్టి దౌర్జన్యము చేయలేదనియుఁ జరిత్రకారు లాక్షేపించిరి. ఆక్షేపణ సరియైనదే, ఫ్రీల్ కొంతవఱ కంగీకరించెను. నాటకము దానివలన కొంచెపడలేదు.

ఇది 1980 సెప్టెంబరు 23 వ తేదీని ఉత్తర ఐర్లండున డెరీ పట్టణపు నగరసభాభవనములో మొట్టమొదట నాడఁబడెను. ఆ పట్టణమునకుఁ బేళ్లు రెండు: ఒక పక్షమువారికి డెరీ, మఱియొక పక్షమువారికి లండన్‌డెరీ. అప్పటి కక్కడఁ బదేండ్లకుఁ బైగాఁ బ్రాంతము నెత్తురు చిందుచుండెను. ఆ రాత్రి రెండు పక్షములవారును నొక్కచోటఁ గూర్చుండి చూచి, ముగింపున లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి.